చీమల గురప్ప

గురప్పన్న గాజులు తొడుగుతుంటే ఆడవాళ్లు కబుర్లు ఆపేవాళ్లు కారు. అదీ ఆయన పనితనం. మిగతా అంగళ్లలో అయితే "అబ్బా, మెల్లిగయ్యా" అని మొహం ముడుచుకుంటారు. ఈయన దగ్గర అత్తగారి మీద చాడీ మొదలుపెట్టి ముగించేలోపు డజను మట్టిగాజులు మణికట్టు మీదికొచ్చి కూర్చునేవి. బొటనవేలి కణుపును ఎక్కడ నొక్కాలో, ఏ చెయ్యి ఎంత మెత్తబడుతుందో ఆ వేళ్లకు తెలుసు. బెంగళూరు బళేపేట సందులో ఆ అంగడి వాళ్ల తాత పెట్టింది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు గురప్పన్న చేత్తో గాజులు వేయిస్తే కాన్పు సుఖంగా అవుతుందని మా పేటలో ఒక నమ్మకం.

నా పేరు బేబీ. యాభై దాటాక ఈ పేరేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకు అలవాటే. బ్లౌజులు కుడతాను. నేనూ, డిగ్రీ చదువుతున్న నా కూతురు హర్షితా ఉండేది గురప్పన్న వాళ్లు అద్దెకుండే వఠారంలోనే. వఠారమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకే గడప, లోపల వరుసగా మూడు చిన్న ఇళ్లు, ముందు కాస్త వాకిలి, చివర అందరికీ కలిపి ఒక బచ్చలి, అంటే స్నానాల గది, దాని పక్కనే పాయిఖానా. మొదటి ఇంట్లో గురప్పన్న, ఆయన భార్య జయమ్మక్క. మధ్యింట్లో మేము. మూడో ఇల్లు చాలాకాలం తాళం వేసి ఉండి, మొన్న ఉగాది దాటాక తిరుపాలు, నాగలక్ష్మి అందులో దిగారు. అనంతపురం వైపు నుంచి పని కోసం వచ్చినవాళ్లు. అతను కట్టడాల దగ్గర కాంక్రీటు పనికి పోతాడు. ఆమె కడుపుతో ఉంది, తొలిచూలు.

వాళ్లు వచ్చిన కొన్నాళ్లకు బచ్చలిలో చీమలు పట్టాయి. మామూలుగా పట్టడం కాదు. నీళ్లు పోయే తూము పక్కన గోడమూలలో నల్లగా మూగి ఉండేవి. అక్కడి నుంచి గోడ పట్టుకుని, కిటికీ చెక్క కింద సందులోకి ఒకటే బారు. పొద్దున్నే స్నానానికి పోతే కాలి మీదికి పాకి కుట్టేవి.

జయమ్మక్క యుద్ధం ప్రకటించింది. పసుపు చల్లింది. కిరసనాయిలు పోసింది, ఆ కంపుకు నాకు అన్నం సహించలేదు. అంగట్లోంచి చీమల చాక్‌పీసు తెచ్చి గోడ నిండా గీతలు గీసింది, చూసేవాళ్లకు ఏదో మంత్రం వేశారనిపించేలా. రెండ్రోజులు చీమలు చచ్చి పడేవి. మూడో రోజు గీత లేని చోటు చూసుకుని కొత్త బారు మొదలయ్యేది. ఆవిడ నోరు మాత్రం మొదటి రోజు నుంచీ ఒకే దారిలో ఉంది.

"ఇన్నేండ్లలో ఈ బచ్చలిలో ఒక్క చీమ చూసినామా బేబీ? వీళ్లు దిగినాకే గదా! పల్లెటూరి వాళ్లు, శుభ్రం లేదు, శుచి లేదు. ఆ పిల్లకు నోరు ఊరుకోదు, బెల్లం ముద్ద పట్టుకోనే బచ్చలికి పోతాదో ఏమో."

మెల్లిగా అంటే ఆవిడ జయమ్మక్క ఎందుకవుతుంది? మూడో ఇంటికి వినపడాలనే అనేది. నాగలక్ష్మి తలుపు దగ్గర నిలబడి విని, చీపురు తీసుకుని పోయి బచ్చలి కడిగి వచ్చేది. వంగలేక గోడ పట్టుకుని కడిగేది.

ఒక ఆదివారం వాకిట్లో అందరం ఉన్నప్పుడు మా హర్షిత కలగజేసుకుంది. దానికి కాలేజీలో జంతువుల సబ్జెక్టు ఉంది, అడిగితే చాలు మొదలుపెడుతుంది. అడక్కపోయినా మొదలుపెడుతుంది.

"జయమ్మత్తా, చీమలకి వాసనే మాట. తిండి దొరికిన చీమ ఇంటికి పోయేటప్పుడు కడుపు నేలకి రాస్తూ వాసన పూసుకుంటా పోతాది. వెనకాలవి దాన్ని పట్టుకోనే వస్తాయి, వచ్చిన ప్రతిదీ ఇంకొంచెం పూస్తాది. అందుకే ఆ లైన్ అంత స్ట్రెయిట్. మీరు నాలుగు చీమల్ని చంపితే ఏం లాభం? సోప్ వాటర్‌తో ఆ దారంతా తుడవాలి. గోడ సందులు సిమెంటుతో మూసెయ్యాలి. అన్నిటికన్నా ముందు తిండి తీసెయ్యాలి. తిండి ఉన్నంతసేపూ ఇంకో రూట్ వేసుకుంటాయి."

"బచ్చలిలో తిండేముంటాదే?"

"అదే నాకూ తెలీడం లేదు. ఏదో తీపి ఉండాలి. రోజూ పడతా ఉండాలి."

అంతటితో ఆగిందా? పంచదార నీళ్లలో బోరిక్ పొడి కాస్త కలిపి సీసా మూతలో పోసి పెట్టింది. చీమలు దాన్ని మోసుకుపోయి పుట్టలో పంచుకుంటే పుట్టకు పుట్టే పోతుందట. జయమ్మక్క చూసి మూత తీసి పారేసింది. "కడుపుతో ఉండే పిల్ల తిరిగే చోట మందు పెడతావా? బుద్ధి ఉండాదా నీకు?" అని తిట్టింది. చూశారా, అదీ జయమ్మక్క. తిట్టేదీ ఆ పిల్లనే, కాచేదీ ఆ పిల్లనే.

ఆ మాటలన్నీ జరుగుతున్నప్పుడు గురప్పన్న అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన కాఫీలో చక్కెర గ్లాసు అడుగున మిగలాలి. "ఏదో తీపి ఉండాలి, రోజూ పడతా ఉండాలి" అని నా కూతురు అన్నప్పుడు ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. సగం కాఫీ అలాగే చల్లారిపోయింది. ఎందుకో ఆ రోజు మాకెవరికీ తెలియలేదు. తర్వాత ఆయనే చెప్పాడు గనుక మీకు ఇప్పుడే చెప్తున్నాను.

గురప్పన్న నాన్న నరసప్ప. ఆయన ఒంటేలుకు పోయిన చోటల్లా చీమలు చేరేవి. చక్కెర జబ్బు. గురప్పన్న వాళ్లమ్మ పొయ్యి బూడిద పట్టుకుని మొగుడి వెనకాలే పోయి చల్లేది. ఎంత చల్లితే దాగుతుంది? సందులో పిల్లలు కనిపెట్టారు. గాజుల నరసప్ప కాస్తా చీమల నరసప్ప అయ్యాడు. అంగడికి వచ్చిన ఆడవాళ్లు కూడా చెయ్యి చాపబోయి, ముసిముసిగా నవ్వుకుని పక్క అంగడికి పోయేవాళ్లట. ఆఖరికి ఆయన కాలివేళ్లు తీసేశారు, మనిషి పోయాడు, పేరు మాత్రం పోలేదు. బడిలో గురప్పన్నను "ఒరే చీమా" అని పిలిచేవాళ్లు. ఆ పేరు చెరిగిపోవడానికి ఆయనకు సగం జీవితం పట్టింది.

అందుకే ఆయనకు మొదటి రోజే తెలుసు. తూము పక్కన ఆ మూలలో రోజూ ఒంటేలుకు నిలబడేది ఆయనే. కొంతకాలంగా దాహం ఎక్కువైంది, మాటిమాటికీ లేవాల్సి వస్తోంది. వేలి కొసల్లో తిమ్మిరి, గాజు పట్టుకుంటే ఉందో లేదో తెలియడం లేదు. అంగట్లో ఒకట్రెండు సార్లు గాజు చిట్లింది కూడా. "ఈ మధ్య సరుకు నాసిరకం వస్తా ఉండాది" అని దబాయించేశాడు. డాక్టరు దగ్గరికి పోతే పేరు పెడతాడు, పేరు పెడితే పేట అంతా పాకుతుంది. చీమల నరసప్ప కొడుకు చీమల గురప్ప! ఆ మాట వినడం కంటే చావు నయమనుకున్నాడట మహానుభావుడు. చచ్చేది ఎవరో, మాట పడేది ఎవరో మాత్రం ఆలోచించలేదు.

జయమ్మక్క ఊరుకుంటుందా, వఠారం ఓనరు నాగరాజ్‌ను పిలిపించింది. ఆయన మెత్తటి మనిషే గానీ పాతవాళ్ల మాట తీసెయ్యలేడు. బచ్చలి చూశాడు, ముక్కు మూసుకున్నాడు, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. తిరుపాలు పని నుంచి అప్పుడే వచ్చాడు, ఒళ్లంతా సిమెంటు. నాగలక్ష్మి అతని వెనక నిలబడింది.

"ఏమప్పా గురప్పా, నువ్వు పెద్దోడివి. నువ్వే చెప్పు. వీళ్లను ఉంచేదా, పంపించేదా?"

అందరం గురప్పన్న వైపు చూశాం. నాగలక్ష్మి అయితే దేవుణ్ణి చూసినట్టు చూసింది. ఎందుకంటే ఆ వఠారంలో ఆమెను ఒక్క మాటా అననిది ఆయనొక్కడే. మంచివాడు గనుకే అనలేదు అనుకుందేమో పాపం.

గురప్పన్న నేల చూశాడు. "నీ ఇల్లు, నీ ఇష్టం నాగరాజ్," అన్నాడు.

అంతే. నెలాఖరుకు ఖాళీ చెయ్యమని చెప్పేసి నాగరాజ్ వెళ్లిపోయాడు. కడుపుతో ఉన్న మనిషిని పెట్టుకుని కొత్త రూము వెతకడం ఈ బెంగళూరులో ఎంత కష్టమో నాకు తెలుసు. గురప్పన్న ఆ రాత్రి అన్నం తినలేదని జయమ్మక్క చెప్పింది. "పాపం, మెత్తటి మనసు" అంది. ఏం మెత్తన, నా బొంద.

ఆయనకొక ఉపాయం తోచింది. తను ఇంట్లో బచ్చలికి పోవడం మానేస్తే చీమలు వాటంతట అవే పోతాయి. పాయిఖానాకు మారితే అక్కడా చేరతాయి గనుక బయటికే పోవాలి. చీమలు పోతే గొడవ పోతుంది, నాగరాజ్ మనసు మార్చుకుంటాడు, ఆ పిల్ల ఉంటుంది, తను నోరు విప్పే పనే ఉండదు. పగలు మార్కెట్టు దగ్గరి పబ్లిక్ టాయిలెట్టుకు పోవడం మొదలుపెట్టాడు. రాత్రిళ్లు ప్లాస్టిక్ సీసా వాడి, తెల్లవారక ముందే వీధి మోరీలో పారబోసేవాడు. పెళ్లానికి కూడా తెలియకుండా, అరవై దాటిన మనిషి, దొంగలాగా.

ఒక మధ్యాహ్నం ఆ టాయిలెట్టు దగ్గర ఆడవాళ్ల వరుసలో నాగలక్ష్మి కనిపించింది. ఎండ నెత్తిన మండుతోంది. ముందూ వెనకా పూలమ్మేవాళ్లు, మూటలు మోసేవాళ్లు. ఆమె ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడి ఉంది. తప్పుకుపోదామంటే అప్పటికే చూసేసింది.

"యాడికొచ్చినారప్పా ఇట్ల?"

"సుమ్నె... ఊరికే, సరుకు చూద్దామని," అన్నాడు గురప్పన్న. "నువ్వేంటమ్మా ఇక్కడ?"

ఆమె సిగ్గుపడింది. ఆయన పడాల్సిన సిగ్గు ఆమె పడింది. "బచ్చలికీ పాయిఖానాకూ పోవడం మానేసినామప్పా, నేనూ ఆయనా. ఆయన పనికాడ్నే కానిచ్చేస్తాడు. చీమలు మావల్లనే వస్తాండాయా, ల్యాదా తెలుస్తాది గదా. అవి పోతే మా తప్పే అని ఒప్పుకోని పోతాము. లేకుంటే మీరే ఒక మాట చెప్పండప్పా ఓనరుకి. మీ మాట వింటాడు."

గురప్పన్నా మానేశాడు, ఆమె కూడా మానేసింది. ఇప్పుడు చీమలు పోతే, ఎవరివల్ల పోయినట్టు? ఆ ఎండలోనే లెక్క తేలిపోయింది ఆయనకు. మళ్లీ ఇంటి బచ్చలికే పోవడం మొదలుపెడితే చీమలు తిరిగొస్తాయి, ఆ పిల్ల మీద మచ్చ పోతుంది. నోరు విప్పక్కరలేదు, అదైనా చెయ్యొచ్చు. కానీ చీమలు తిరిగొస్తే హర్షిత మళ్లీ అడుగుతుంది, ఏం తీపి, ఎవరిదని. అంత చదువుకున్న పిల్ల ఎన్నాళ్లు కనిపెట్టకుండా ఉంటుంది? అదీ చెయ్యలేదు ఆయన.

"మా అమ్మ రాలేనంటాదప్పా సీమంతానికి," అంది నాగలక్ష్మి, వరుస ముందుకు జరుగుతుంటే. "మీ చేత్తో నాలుగు గాజులన్నా ఏస్తారా, పోయేలోగా?"

"వేస్తానమ్మా," అని వచ్చేశాడు. ఆ రోజు టాయిలెట్టుకు పోకుండానే అంగడికి తిరిగొచ్చాడు.

వారం తిరిగేసరికి చీమలు పోయాయి. కడిగిన నేల కడిగినట్టే ఉంది, ఒక్కటంటే ఒక్కటి లేదు. జయమ్మక్క విజయం చెప్పనలవి కాదు. "చూసినావా బేబీ! వాళ్లు వాడటం మానేసినారు, చీమలు పోయినాయి. ఇంకేం సాక్ష్యం కావాల?" అని ఇంటింటికీ చెప్పింది. హర్షిత కూడా తల గోక్కుంది.

నాగలక్ష్మి తనంతట తనే జయమ్మక్క గడపలోకి వచ్చింది. "మాదే తప్పు అత్తా. ఏం చేసినామో మాకే తెల్దు. మనసులో పెట్టుకోవద్దు," అని వంగబోయింది. జయమ్మక్క పట్టుకుని లేపింది, ఇద్దరూ ఏడ్చారు. లోపల మంచం మీద గురప్పన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వింటున్నాడు.

పోయే పిల్ల ఉత్తచేతులతో పోకూడదని జయమ్మక్కే సీమంతం పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో చాప వేసి, పీట మీద నాగలక్ష్మిని కూర్చోబెట్టి పూలు పెట్టాం. తిరుపాలు ఉతికిన చొక్కా వేసుకుని ఒక పక్కన నిలబడ్డాడు. ఇల్లు చూసుకుని పోదామని వచ్చిన నాగరాజ్‌ను కూడా కూర్చోమన్నాం. గురప్పన్న పచ్చగాజులు, ఎర్రగాజులు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

మొదటి గాజు పోయింది. రెండోది కణుపు దగ్గర ఆగింది. నేను పక్కనే ఉన్నాను, చూస్తున్నాను. ఆయన వేళ్లు వెతుక్కుంటున్నాయి. ఎక్కడ నొక్కాలో తెలిసిన వేళ్లు, తాము పట్టుకున్నది ఏమిటో తెలియక తడుముకుంటున్నాయి. నాగలక్ష్మి పళ్లు బిగపట్టింది. ఆయన చెమటలు కక్కుతూ ఇంకాస్త నొక్కాడు. గాజు టక్కుమని చిట్లింది. ముక్క గుచ్చుకుని ఆ పిల్ల చెయ్యి వెంట రక్తం కారింది.

వాకిలంతా గతుక్కుమంది. సీమంతం పీట మీద గాజు చిట్లడమంటే మాటలా? గురప్పన్న చెయ్యి పడ్డ చోట, అదీ!

నాగలక్ష్మి గబుక్కున పైటకొంగుతో రక్తం తుడుచుకుంది. ఆయన మొహం చూసి, "నేనే చెయ్యి గట్టిగా పెట్టినాను అత్తా, తప్పు నాదే," అంది.

గురప్పన్న చేతిలో ముక్కలు కింద పెట్టాడు.

"తప్పు నీది కాదమ్మా," అన్నాడు. "గాజూ నీ తప్పు కాదు, చీమలూ నీవి కావు. ఆ చీమలు నావి."

జయమ్మక్కకు అర్థం కాలేదు. "ఏం మాట్లాడతా ఉండావు? లెయ్యి, మంచినీళ్లు తాగు."

"మా నాయన జబ్బే జయా నాకూ. మొదట్నించీ తెలుసు. మీరు ఈ పిల్లను అంటా ఉంటే వింటా కూర్చున్నాను."

ఆపలేదు ఇక. కూర్చున్న చోటే, తల ఎత్తకుండా, అంతా చెప్పాడు. నాన్న పేరు, బూడిద, సీసా, మోరీ, టాయిలెట్టు దగ్గర వరుస, అన్నీ. అంత పెద్దమనిషి అందరి ముందు ఒంటేలు సంగతి చెప్పుకుంటుంటే మాకే ఎటు చూడాలో తెలియలేదు. హర్షిత లోపలికి వెళ్లిపోయింది.

జయమ్మక్క చాప మీద కూలబడింది. "నా నోటితో ఆ పిల్లను ఎన్నెన్ని మాటలు అనిపించినావయ్యా!" అంది.

నాగరాజ్ గొంతు సవరించుకున్నాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. ఖాళీ చేసే పని లేదు తిరుపాలూ. ఉండండి."

"ఉండంలే సార్," అన్నాడు తిరుపాలు. "పీణ్యలో రూము చూసుకున్నాము." తర్వాత గురప్పన్న వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "జబ్బు వచ్చిందంటే మీరేం చేస్తారప్పా, ఎవురికైనా వస్తాది. ఆ ఎండలో లైన్లో దీన్ని చూసి గూడా..." అని ఆపేసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గురప్పన్న ఇంకో గాజు తీశాడు. "చెయ్యి ఇయ్యమ్మా. మొదలుపెట్టినది ఆపకూడదు," అన్నాడు.

నాగలక్ష్మి చెయ్యి కొంగులోకి లాక్కుంది. అప్పటిదాకా ఎవరేమన్నా తల ఊపిన పిల్ల అది.

"వద్దప్పా," అంది. "జయమ్మత్త ఏస్తాది."

ఇన్నేళ్లలో గురప్పన్నకు చెయ్యి ఇవ్వనన్న ఆడది ఆమె ఒక్కతే. గాజు పట్టుకుని ఆయన అలాగే ఉండిపోయాడు. జయమ్మక్క కళ్లు తుడుచుకుని వచ్చి ఆ గాజును ఆయన వేళ్లలోంచి తీసుకోవాల్సి వచ్చింది. వాళ్లు ఆ వారమే వెళ్లిపోయారు.

ఇప్పుడు గురప్పన్న మందులు వాడుతున్నాడు. కాఫీ చేదుగా తాగుతాడు. పొద్దున్నే సబ్బునీళ్లు పోసి బచ్చలి కడిగేది ఆయనే, గోడ సందులకు సిమెంటు పెట్టిందీ ఆయనే. అంగట్లో తొడిగే పీట మీద జయమ్మక్క కూర్చుంటుంది, ఆయన పెట్టెలు అందిస్తాడు. ఆ కథ వఠారం దాటి ఎలా పోయిందో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు, ఒట్టు. ఒకరు పూసిన దారిలో ఇంకొకరు పోతూ పేట అంతా పాకింది. ఆయన ఏ పేరుకు భయపడ్డాడో ఆ పేరే స్థిరపడింది. పిలిస్తే పలుకుతాడు.

మొన్న నేను బ్లౌజుకు సరిపడే గాజుల కోసం అంగట్లో ఉండగా ఒక కూలీపిల్ల వచ్చింది, కడుపుతో ఉంది. పీణ్య నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. "నాగలక్ష్మక్క పంపించింది," అంది. "ఆయమ్మకి ఆడపిల్ల పుట్టింది. బాగుండారు. గాజులు ఏయించుకుంటే బళేపేటలో గాజుల గురప్ప అంగట్లోనే ఏయించుకోమనింది. ఇదేనా?"

జయమ్మక్క నా వైపు చూసింది. గురప్పన్న పెట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేనమ్మా, కూర్చో. మా ఇంటామె ఏస్తాది," అన్నాడు, తల దించుకునే. "ఇంకెవురినన్నా పంపిస్తే మాత్రం చీమల గురప్ప అంగడి యాడ అని అడగమని చెప్పు. చూపిస్తారు."